రోజూ మారే అవయవాలు, గురి తప్పకూడని కిరణాలు

పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళానికి క్యాన్సర్ సోకితే, చాలామందికి శస్త్రచికిత్సకు ముందు రేడియేషన్ ఇస్తారు. దీర్ఘకాలిక పద్ధతిలో సుమారు 5 వారాల్లో, 25 నుంచి 28 విడతలుగా, మొత్తం 45 నుంచి 50.4 గ్రే మోతాదు అందుతుంది. కిరణాలు ఎక్కడ పడాలో ముందుగా తీసిన సీటీ స్కాన్‌ను బట్టి నిర్ణయిస్తారు.

కానీ అది ఒక్కరోజు చిత్రమే. మలం, గ్యాస్ చేరితే పురీషనాళం ఉబ్బి, కణితి పక్కకు జరగవచ్చు. నిండిన మూత్రాశయం చిన్నపేగును కిరణాల దారి నుంచి పైకి నెడుతుంది. ఖాళీగా ఉంటే పేగు కిందికి జారి, ఎక్కువ మోతాదుకు గురవుతుంది. విరేచనాలు పెరగడానికి ఇదొక కారణం. చికిత్సకు ముందు నీళ్లు తాగమనేది అందుకే.

అయినా మూత్రాశయం రోజూ ఒకేలా నిండదు. అందుకే చికిత్స యంత్రానికే అమర్చిన కోన్ బీమ్ సీటీతో చిత్రం తీసి, తొలి స్కాన్‌తో పోలుస్తారు. తేడా కొద్దిగా ఉంటే రోగి పడుకున్న బల్లను జరుపుతారు. మూత్రాశయం సరిగా నిండకపోతే ఇంకొన్ని నీళ్లు తాగించి కాసేపు ఆగుతారు. అవయవం ఆకారమే మారితే బల్ల జరపడం చాలదు; అవసరాన్ని బట్టి ప్రణాళికనే మారుస్తారు. దీన్నే అడాప్టివ్ రేడియోథెరపీ అంటారు.

ఏ అవయవం ఎంత కదులుతుందో తెలిస్తే, ముందుజాగ్రత్తగా కణితి చుట్టూ కలిపే అంచును తగ్గించవచ్చు. ఆ మేరకు ఆరోగ్యంగా ఉన్న పేగుకు రక్షణ.