తాళంచెవిని ప్రశ్నించే కారు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై కారు ఆగి మళ్లీ స్టార్ట్ కాలేదంటే మొదటి అనుమానం పెట్రోలు మీదికో, బ్యాటరీ మీదికో పోతుంది. డ్యాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ ఉన్న లైటు మిణుకుతుంటే మాత్రం, సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్‌ను నడవనివ్వని ఇమ్మొబిలైజర్‌ను చూడాలి. కారు తన తాళంచెవిని గుర్తుపట్టలేదన్నమాట.

ఇమ్మొబిలైజర్ పూర్వరూపానికి 1919లోనే అమెరికాలో పేటెంటు వచ్చింది. సెయింట్ జార్జ్ ఎవాన్స్, ఎడ్వర్డ్ బర్కెన్‌బ్యూల్ రూపొందించిన ఆ ఏర్పాటులో స్విచ్చులు సరిగ్గా అమరితేనే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు అందేది, లేకుంటే హారన్ మోగేది. దూరం నుంచే తలుపు తెరిచే రిమోట్ 1982లో రెనో ఫ్యూగో కారుతో వచ్చింది. 1998 నాటికి యూరప్ కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది.

తాళంచెవి పిడిలోని చిన్న చిప్‌కు సొంత బ్యాటరీ అక్కర్లేదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వెలువడే సుమారు 125 కిలోహెర్ట్జ్ తరంగాలే దానికి శక్తినిస్తాయి. కారు ఒక కొత్త సంఖ్య పంపుతుంది. చిప్ దాన్ని తన రహస్య సంఖ్యతో కలిపి లెక్కకట్టి జవాబు చెబుతుంది. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టి బేరమాడినట్టు, ఎదుటే జరుగుతున్నా పక్కవాడికి అసలు అంకె తెలియదు. జవాబు సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనిస్తుంది.

ఇది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 2011-2021 మధ్య అక్కడ అమ్మిన చాలా కియా, హ్యుందాయ్ కార్లలో ఇమ్మొబిలైజర్ లేదు. యూఎస్‌బీ కేబుల్ కొసతో స్టార్ట్ చేసి ఎత్తుకెళ్లే వీడియోలు పాకడంతో దొంగతనాలు పెచ్చుమీరాయి. 2023లో ఆ కంపెనీలు దాదాపు 83 లక్షల కార్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రకటించాల్సి వచ్చింది.

అయితే కాపలా గట్టిపడేకొద్దీ మరమ్మతు కష్టమవుతుంది. ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ మార్చడమంటే పెట్టె విప్పి వైర్లు కలపడంతో అయిపోదు. స్కానర్ తగిలించి, భద్రతా కోడ్‌తో లోపలికి వెళ్లి, కొత్త మాడ్యూల్‌ను ఇంజిన్ కంప్యూటర్‌తో జతచేసి, ఉన్న తాళంచెవులన్నింటినీ మళ్లీ పరిచయం చేయాలి. పాత కారు నుంచి తెచ్చిన మాడ్యూల్‌లో ఆ కారు రహస్యమే ఉంటుంది. అందుకే మార్చేముందు ఫ్యూజు, ఎర్త్, తీగచుట్ట చూడాలి. అన్నిటికన్నా ముందు కారు బ్యాటరీ వోల్టేజీ చూడాలి. నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. వోల్టేజీ పడిపోతే మంచి మాడ్యూల్ కూడా తప్పుగా ప్రవర్తిస్తుంది.

ఆ కోడ్, ఆ స్కానర్ ఎవరి చేతిలో ఉండాలన్నది అసలు ప్రశ్న. విడిభాగాలను, పరీక్షా పరికరాలను బయటి మెకానిక్కులకు దక్కనివ్వడం లేదని 2014 ఆగస్టులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. దొంగకు కోడ్ అందకూడదన్న కంపెనీల భయం నిజమే. దానికి దారి ఉంది. అమెరికాలో నాస్టఫ్ అనే సంస్థ నిపుణుల గుర్తింపు పరిశీలించి నమోదు చేస్తుంది. వాళ్లు యజమాని ఆధారాలు చూశాకే కోడ్ వాడాలి. అలాంటి నమోదు మన దగ్గరా వస్తే నంద్యాల మెకానిక్కే ఆ పని చేయగలడు, కారును డీలరు దాకా లాక్కుపోయే ఖర్చు యజమానికి తప్పుతుంది.