ప్లగ్గులోని పింగాణీ ఎలా గట్టిపడుతుంది?

మొన్న వానాకాలంలో ఆరో తరగతి తమ్ముడొకడికి చలిజ్వరం వచ్చింది. రాత్రి వార్డెన్ సారు బండి మీద వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి నేను వెనకనుంచి పట్టుకున్నాను. సగం దారిలో బండి ఆగింది. ఎన్ని కిక్కులు కొట్టినా కదల్లేదు. చివరికి ఒక జీపు ఆపి ఆసుపత్రికి చేరాం. తమ్ముడు కోలుకున్నాడు.

మర్నాడు మెకానిక్ ప్లగ్గు విప్పి చూపించాడు. తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత పగులు! "పానా జారి తగిలుంటుంది. కరెంటు ఈ పగుల్లోంచి పోతే ఇంక నిప్పురవ్వ ఎక్కడిది?" అన్నాడు. మరి ఆ పింగాణీని లోపల సందు లేకుండా ఎలా చేస్తారు? సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

అది కుండమట్టి కాదు. అల్యూమినా అనే తెల్లటి పొడి. అది వేల వోల్టులను ఆపాలి, ఇంజను వేడికి ఓర్చుకోవాలి.

పొడిని అచ్చులో పోసి పైనుంచి నొక్కితే చాలదా? గ్లాసులో తడి ఇసుక పోసి అదిమి చూడండి. పైన గట్టిగా, అడుగున వదులుగా ఉంటుంది. గోడల రాపిడి వల్ల ఒత్తిడి కిందిదాకా పోదు. అలాంటి ముద్దను కాలిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంచించుకొని వంకరపోతుంది, పగులుతుంది.

అందుకని పొడిని రబ్బరు అచ్చులో పోస్తారు. రంధ్రం కోసం మధ్యలో ఉక్కు కడ్డీ ఉంచుతారు. అచ్చు చుట్టూ ద్రవాన్ని నింపి దానిమీద ఒత్తిడి పెంచుతారు. ఇక్కడే మనం చదివిన పాస్కల్ నియమం పనిచేస్తుంది: మూసిన పాత్రలోని ద్రవం ఒత్తిడిని అన్నివైపులకూ సమానంగా పంచుతుంది. గాలి మనల్ని చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బరువుతో నొక్కుతోంది కదా, అక్కడి ఒత్తిడి దానికి కొన్ని వందల రెట్లు! అమ్మ సున్నుండను గుప్పిట్లో అన్నివైపులా నొక్కినట్టే అన్నమాట.

తర్వాత ఆ ముద్దను సానరాయితో చెక్కి, సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. అప్పుడది పొడవులో దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. అందుకే ముందే పెద్దగా చేస్తారు. అన్నిచోట్లా సమానంగా ఒత్తింది కాబట్టి సమానంగానే తగ్గుతుంది.

ఇంత కష్టపడి చేసినదైనా, పానా దెబ్బకు నిలవదు. సారు ఇప్పుడు బండిలో ఇంకో ప్లగ్గు ఉంచుకున్నారు. పానా మాత్రం నన్ను ముట్టుకోనివ్వడం లేదు!

— తొమ్మిదో తరగతి విద్యార్థి