381 రోజులు... ఆ బస్సెక్కలేదు!

కుట్టుపని చేసి అలసిపోయిన ఓ నల్లజాతి ఆవిడ సాయంత్రం బస్సెక్కి కూర్చుంది. తెల్లాయనకి సీటివ్వమని డ్రైవరు గద్దించాడు. పాపం కాళ్ళు పీకుతున్నాయి, లేవలేకపోయింది. అరెస్టు చేశారు. అంతే, ఊరు ఊరంతా భగ్గుమంది!

రోజా పార్క్స్ గురించి మనలో చాలామందికి తెలిసిన కథ ఇదే. వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఆ రోజు తన ఒళ్ళు మామూలుకన్నా ఎక్కువేమీ అలిసిపోలేదని, తలొంచీ తలొంచీ మనసే విసిగిపోయిందని ఆవిడే తర్వాత చెప్పింది. ఇక రెండోది... ఊరు భగ్గుమనలేదు. భగ్గుమంటే చల్లార్చడం పోలీసులకి పెద్ద పనేం కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ పట్నంలో 1955 డిసెంబరులో నల్లవాళ్ళు చేసిందల్లా బస్సెక్కడం మానేసి నడవడం. ఒకరోజూ రెండురోజులూ కాదు, ఏడాది దాటిపోయేదాకా. ఆ నడిచినవాళ్ళలో చాలామంది ఇంకొకరి ఇళ్ళల్లో వంట చేసి, అంట్లు తోమి, బట్టలుతికి, పిల్లల్నెత్తుకునే ఆడవాళ్ళు. ఆ ఊళ్ళో పనికెళ్ళే నల్లజాతి స్త్రీలలో సగానికి పైగా చేసేది అదే మరి.

డబ్బులు డబ్బాలో... మనిషి రోడ్డుమీద!

మనకైతే బస్సులో సీటంటే కిటికీలోంచి కర్చీఫు వేసి ఆపుకునేది. అక్కడ సీటెవరిదో ఒంటి రంగు చెప్పేది. బస్సులో 36 సీట్లు. ముందరి 10 తెల్లవాళ్ళవి. బస్సులో ఒక్క తెల్లమనిషి లేకపోయినా సరే, అవి ఖాళీగా ఉండాలి, నల్లవాళ్ళు నిలబడాలి. వెనక సీట్లు నల్లవాళ్ళకి. మరి మధ్యలోవి? అవి డ్రైవరుగారి దయ. ఒక్క తెల్లాయన కూర్చోవలసి వస్తే ఆ వరసలో ఉన్న నలుగురు నల్లవాళ్ళూ లేచిపోవాలి. ఆయన ఉన్న వరసలో వాళ్ళు కూర్చోకూడదట!

ఎక్కడం అంతకన్నా అవమానం. ముందు గుమ్మంలో ఎక్కి 10 సెంట్లు డబ్బాలో వేసి, మళ్ళీ కిందికి దిగి, వెనక గుమ్మందాకా వెళ్ళి ఎక్కాలి. ఈలోగా డ్రైవరు బస్సు లాగించేస్తే అడిగేవాడు లేడు. తమాషా ఏమిటంటే, ఆ బస్సులెక్కేవాళ్ళలో నూటికి 75 మంది దాకా నల్లవాళ్ళే. కంపెనీ బతుకుతున్నది వాళ్ళ చిల్లర మీదే.

ఈ లెక్కని గట్టిగా పట్టుకున్నది ఒక లెక్చరర్. పేరు జోయాన్ రాబిన్సన్. నల్లజాతి విద్యార్థుల కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. 1949లో క్రిస్మస్ సెలవులకి ఊరెళ్తూ, దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ఏదో ధ్యాసలో కాస్త ముందుకి కూర్చుంది. డ్రైవరు మీదికొచ్చి, కొట్టేలా చెయ్యెత్తి అరిచాడు. ఏడుస్తూ దిగిపోయింది. సెలవుల నుంచి తిరిగొచ్చాక ఆ సంగతి అంతటితో వదిలెయ్యలేదు. మేరీ ఫెయిర్ బర్క్స్ అనే మరో లెక్చరర్ 1946లో పెట్టిన 'విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్' అనే మహిళా సంఘానికి అధ్యక్షురాలైంది. మేయరు దగ్గరికి వెళ్ళారు, విన్నవించుకున్నారు, మళ్ళీ వెళ్ళారు. 1954 మేలో ఆమె మేయరుకి ఓ జాబు రాసింది. చాలా మర్యాదగా రాసిన జాబు. చివర్లో మాత్రం... పాతికకి పైగా సంఘాలు బస్సులు మానేద్దామని అనుకుంటున్నాయని నెమ్మదిగా చెప్పింది. రోజా పార్క్స్ అరెస్టుకి అప్పటికింకా ఏడాదిన్నర ఉంది!

ముందే లేవనన్న పిల్ల

1955 మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ స్కూలు పిల్ల సీట్లోంచి లేవనంది. సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. అక్టోబరులో 18 ఏళ్ళ మేరీ లూయిస్ స్మిత్ వంతు. వీళ్ళ పేర్లు మనం వినలేదెందుకు?

పెద్దలు వెనకాడారు. క్లాడెట్ మరీ చిన్నది, పేదింటి పిల్ల, నోరు జాస్తి అనుకున్నారు. కొన్నాళ్ళకి, పెళ్ళి కాకుండానే గర్భవతి అయింది. ఎదుటివాళ్ళు వేలెత్తి చూపించడానికి వీల్లేని మనిషి కావాలన్నారు. ఎత్తుగడగా అది సరైందే కావచ్చు. కానీ అన్యాయాన్ని ఎదిరించేవాళ్ళు కూడా ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ముందు నడవడిక సర్టిఫికెట్ అడిగారే! ఈ కథలో నాకు ముల్లులా గుచ్చుకునే చోటు ఇదే. ఆ పిల్ల మీదున్న కేసు రికార్డుని కోర్టు తుడిచేసింది ఎప్పుడో తెలుసా? 2021లో. అప్పటికామెకి 82 ఏళ్ళు.

డిసెంబరు 1, గురువారం నాడు లేవనన్న రోజా పార్క్స్‌కి 42 ఏళ్ళు. డిపార్టుమెంటు స్టోర్లో బట్టలు సరిచేసే పని. అంతమాత్రాన ఏమీ తెలియని మనిషేం కాదు. నల్లజాతి హక్కుల సంఘం స్థానిక శాఖకి కార్యదర్శిగా పనిచేసింది. ఆ వేసవిలోనే టెనెసీ రాష్ట్రంలో హైలాండర్ అనే శిక్షణ కేంద్రానికి వెళ్ళి, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన కూర్చుని తినడం, మాట్లాడుకోవడం చూసొచ్చింది.

సైక్లోస్టైల్ చేసిన రాత్రి

అరెస్టు కబురు ఆ రాత్రి లాయరు ఫ్రెడ్ గ్రే ద్వారా రాబిన్సన్‌కి చేరింది. ఆమె అర్ధరాత్రి కాలేజీకి వెళ్ళింది. తోడు ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు. సోమవారం ఎవరూ బస్సెక్కొద్దంటూ నాలుగు ముక్కలు రాసి సైక్లోస్టైల్ మిషను తిప్పడం మొదలుపెట్టారు. కాగితం కలిసొస్తుందని ఒక్కో ఠావు మీద మూడేసి కరపత్రాలు కొట్టి, కత్తిరించి, కట్టలు కట్టారు. వేలకి వేలు! ప్రభుత్వ కాలేజీలో, ప్రభుత్వ కాగితం మీద. తెలిస్తే ఉద్యోగం ఊడడం ఖాయం. తెల్లవారుజామున నాలుగింటికి పని పూర్తయింది. శుక్రవారం ఎప్పట్లాగే క్లాసు చెప్పి, కార్లో ఊరంతా తిరిగి, స్కూళ్ళ దగ్గర, కొట్ల దగ్గర, బ్యూటీ పార్లర్ల దగ్గర కట్టలు చేతులు మార్చారు. ఆదివారం స్థానిక పత్రిక ఈ సంగతిని వార్తగా వేసింది. దాంతో కరపత్రం అందనివాళ్ళకి కూడా తెలిసిపోయింది!

సోమవారం బస్సులు బోసిగా తిరిగాయి. రోజా పార్క్స్‌కి కోర్టు ఖర్చులతో కలిపి 14 డాలర్ల జుల్మానా పడింది. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ చర్చి నిండిపోయి జనం వీధుల్లో నిలబడ్డారు. ఒక్క రోజనుకున్నది కొనసాగిద్దామన్నారు. నాయకుడిగా 26 ఏళ్ళ పాస్టరుని ఎన్నుకున్నారు. ఆయనే మార్టిన్ లూథర్ కింగ్.

వాళ్ళు మొదట అడిగింది కూడా ఎంతో కాదు. మర్యాదగా మాట్లాడండి, వెనకనుంచి మేము, ముందునుంచి మీరు ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చుందాం, మా పేటలకి నల్లజాతి డ్రైవర్లని పెట్టండి. అంతే! ఆ కాస్తకీ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే బస్సుల్లో వివక్ష ఇంకొన్నేళ్ళు సాగేదేమో!

మేయరుగారొచ్చి అంట్లు తోముతారా?

నడక... కొందరికి రోజుకి 12 మైళ్ళ దాకా. టాక్సీవాళ్ళు మొదట బస్సు ఛార్జీకే ఎక్కించుకున్నారు. కనీసం 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని అధికారులు పాత రూలు బయటికి తీశారు. అప్పుడు సొంత కార్లున్నవాళ్ళు ముందుకొచ్చారు. దాదాపు 300 కార్లు! ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో స్టాపులు, టైములు, పెట్రోలు లెక్కలు... చిన్న సైజు బస్సు కంపెనీనే నడిపారు. పోలీసులు అడుగడుగునా ఆపి చలాన్లు రాశారు. 25 మైళ్ళ వేగంతో వెళ్ళాల్సిన చోట 30 వెళ్ళాడని కింగ్‌ని జైల్లో కూడా పెట్టారు.

ఇంకో సంగతి. తెల్లజాతి ఇల్లాళ్ళు కొందరు కార్లేసుకుని వెళ్ళి మరీ తమ పనివాళ్ళని తెచ్చుకునేవాళ్ళు. ఉద్యమం మీద అభిమానమా అంటే, అందరికీ కాదు... పనిమనిషి రాకపోతే ఇంటి సంగతేమిటి? మీరే దీన్ని సాగనిస్తున్నారని మేయరు వాళ్ళ మీద విసుక్కున్నాడు. 'అయితే ఆయన్నే వచ్చి మా ఇంటి పని చెయ్యమనండి' అన్నారట వాళ్ళు!

సోమవారం మీటింగులో జార్జియా లెక్క

ఇంత పెట్రోలుకి డబ్బెక్కడిది? దేశమంతటి నుంచీ చందాలొచ్చాయి, నిజమే. కానీ ఊళ్ళోనే పుట్టిన సొమ్ము కథ వేరు. జార్జియా గిల్మోర్ ఒక హోటల్లో వంటామె. ఆరుగురు పిల్లల తల్లి. డబ్బులేసి వెనక గుమ్మం వైపు వెళ్ళేలోగా బస్సు వెళ్ళిపోయిన అనుభవం ఆమెదే. ఈవిడ కొంతమంది ఆడవాళ్ళని కూడగట్టి కోడి వేపుళ్ళ శాండ్‌విచ్‌లు, కేకులు, పై అనే తీపి వంటకాలు చేసి అమ్మించింది. బ్యూటీ పార్లర్లలో, టాక్సీ స్టాండ్లలో, ఇళ్ళ గుమ్మాల్లో... తెల్లవాళ్ళు కూడా కొన్నారు! వండేవాళ్ళ పేర్లు బయటపడితే యజమానులు పనిలోంచి తీసేస్తారు. అందుకని సంఘానికి 'క్లబ్ ఫ్రం నోవేర్' అని పేరు పెట్టుకున్నారు. ఎక్కడిదో తెలియని క్లబ్బు అన్నమాట. డబ్బు ఎక్కణ్ణుంచొచ్చిందని అడిగితే 'నోవేర్ నుంచి' అని చెప్పొచ్చుగా! ఎవరెంత ఇచ్చారో తెలిసింది జార్జియా ఒక్కతికే. సోమవారం మీటింగులో ఆమె లేచి ఆ వారం మొత్తం ఇంత అని చదువుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి ఇనెజ్ రిక్స్ అనే ఆవిడ పడమటి పేటలో పోటీగా ఇంకో క్లబ్బు పెట్టింది. ఎవరెక్కువ తెస్తారా అని ప్రతివారం సరదా పంతం!

1956 మార్చిలో కింగ్ మీద కేసు నడిచినప్పుడు జార్జియా కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఉద్యోగం పోయింది. ఇంట్లోనే వండి అమ్ముకోమని కింగ్ ధైర్యం చెప్పాడు. ఆ ఇల్లే తర్వాత నాయకులందరికీ భోజనశాల అయింది.

గాంధీ పేరెత్తిన లైబ్రేరియన్

నడక మొదలైన వారానికే, డిసెంబరు 12న, అక్కడి పత్రికలో ఒక ఉత్తరం పడింది. ఈ నడక చూస్తుంటే గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం గుర్తొస్తోందని! రాసింది జూలియెట్ మోర్గాన్ అనే తెల్లజాతి లైబ్రేరియన్. కారు నడపడమంటే భయం కాబట్టి ఆవిడ బస్సుల్లోనే తిరిగేది, అన్నీ కళ్ళారా చూసింది. డబ్బులేసిన నల్లావిణ్ణి వదిలేసి డ్రైవరు బస్సు కదిలిస్తే, గొలుసు లాగి ఆపించిన మనిషి. ఈ పోలికని ముందుగా చూసింది ఆమేనని కింగ్ తర్వాత తలుచుకున్నాడు. కానీ తోటి తెల్లవాళ్ళు ఆమెని బతకనివ్వలేదు. బెదిరింపు ఫోన్లు, వెక్కిరింపులు, కిటికీ మీద రాళ్ళు... 1957 జులైలో తన ప్రాణం తనే తీసుకుంది.

అహింస అంటే ఏమిటో కింగ్‌కి కూడా ఒక్కరోజులో ఒంటబట్టలేదు. మొదట్లో ఆయన ఇంటి దగ్గర తుపాకులతో కాపలా ఉండేది. 1956 జనవరి 30 రాత్రి ఆ ఇంటి వరండాలో బాంబు పేలింది. లోపల భార్య కొరెట్టా, రెండు నెలలు దాటిన పసిపాప. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోపంతో ఊగిపోతూ గుమికూడిన జనాన్ని ఆయన అదే వరండాలో నిలబడి, ఆయుధాలుంటే ఇళ్ళకి పట్టుకుపొమ్మని బతిమాలాడు. ఆ తర్వాతే గాంధీ పద్ధతులు చదువుకున్న బేయార్డ్ రస్టిన్, గ్లెన్ స్మైలీ వచ్చి కూర్చోబెట్టి చెప్పారు.

కుర్చీలతో బస్సు

వీధిలో నడక సాగుతుండగానే కోర్టులో ఇంకో పోరాటం. 1956 ఫిబ్రవరి 1న దావా వేశారు. అందులో చివరిదాకా నిలబడ్డవాళ్ళు ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్... నాలుగోది ఎవరనుకున్నారు? ఎవరికీ అక్కర్లేకపోయిన క్లాడెట్! నలుగురూ ఆడవాళ్ళే. నవంబరు 13న సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. అదే రోజు కార్ల ఏర్పాటుని స్థానిక కోర్టు ఆపించేసింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు చేతికందేదాకా ఇంకో ఐదు వారాలు నడిచారు.

గెలిపించింది నడకా, కోర్టా అని ఇప్పటికీ వాదనలున్నాయి. రూలు మార్చింది కోర్టే. అయితే ఆ రూలుని పట్టుకుని మళ్ళీ బస్సెక్కాల్సింది మనుషులు కదా! అందుకని ఆ రోజుల్లో చర్చిల్లో విచిత్రమైన రిహార్సల్సు జరిగాయి. కుర్చీలు బస్సు సీట్లలా వరసగా వేస్తారు. ఒకరు డ్రైవరు, కొందరు తెల్లవాళ్ళు, కొందరు నల్లవాళ్ళు. తెల్లవాళ్ళ వేషం వేసినవాళ్ళు తిడతారు, తోస్తారు. తిరిగి మాటనకూడదు, చెయ్యెత్తకూడదు, అలాగని సీటూ వదలకూడదు. పాత్రలో లీనమై నిజంగానే తిట్టేసిన వాళ్ళూ, నిజంగానే తిరగబడ్డ వాళ్ళూ ఉన్నారు. మళ్ళీ మొదటినుంచీ చేయించేవారు!

డిసెంబరు 21న బస్సులెక్కారు. వారం తిరిగేసరికి రోజా జోర్డాన్ అనే నిండు గర్భిణికి బస్సులో కాళ్ళలోకి తూటాలు దిగాయి. జనవరిలో నాలుగు చర్చిల మీద బాంబులు పడ్డాయి. అయినా వెనక సీట్లకి తిరిగి వెళ్ళలేదు.

ఉద్యోగం పోయి, బెదిరింపులు ఆగక, రోజా పార్క్స్ 1957లో డెట్రాయిట్ వెళ్ళిపోయింది. జోయాన్ రాబిన్సన్ 1960లో కాలేజీ వదలాల్సి వచ్చింది. ఆ రాత్రి సైక్లోస్టైల్ సంగతి పుస్తకంగా రాయడానికి ఆమెకి 1987 దాకా పట్టింది.

జార్జియా గిల్మోర్ మాత్రం ఊళ్ళోనే ఉండి వండుతూనే ఉంది. 1990 మార్చిలో, సెల్మా పాదయాత్రకి పాతికేళ్ళయిన సందర్భంగా నడవబోయే వాళ్ళ కోసం కోడి మాంసమూ, మాకరోనీ వండుతూ జబ్బుపడి కన్నుమూసింది. పరామర్శకి వచ్చినవాళ్ళకి ఇంట్లోవాళ్ళు ఆ వంటే వడ్డించారు.