ఇంక్‌జెట్ చిత్రపత్రములు పసుపుబారుట – కాంతిపరీక్షా విధానము

తాళపత్రగ్రంథముల ఛాయాచిత్రములను ఇంక్‌జెట్ యంత్రముతో ముద్రించి పాఠకులకిచ్చుటవలన మూలప్రతికి తాకిడి తగ్గును. అయితే ఆకు రంగు, గంటపు గీతలలో నిలిచిన మసి గాఢత, పురుగు తిన్న అంచు – ఇవన్నియు పాఠనిర్ణయమునకు సాధనములే. ప్రతికృతి కాగితమే పసుపుబారినచో, కనబడు పసుపు తాటియాకుదా, కాగితముదా అను సంశయము పుట్టును. కావున ముద్రణకు ముందే కాగితమును పరీక్షింపవలసియున్నది.

పసుపుబారుట చూపునకు ఒక్కటియే, కారణములు వేరు. మొదటిది తెలుపు తరుగుట. పెక్కు చిత్రపత్రములలో శ్వేతకారకద్రవ్యములు కలుపబడును. ఇవి అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలికాంతిని వెలువరించును. అందువలన కాగితపు సహజమైన లేతపసుపు మరుగుపడి, అది మిక్కిలి తెల్లగా తోచును. కాంతి సోకగా సోకగా ఈ ద్రవ్యములు క్షీణించి, మరుగుననున్న పసుపు బయటపడును. ఇచట క్రొత్తగా పుట్టిన మరక లేదు. రెండవది నిజమైన మరక. పూతలోనో, ఆధారపు పొరలోనో, బయటనుండి చేరిన పదార్థములోనో రసాయనికమైన మార్పు జరిగి పసుపు పదార్థము ఏర్పడుట.

ఈ భేదమును తెలియుటకు అన్వయవ్యతిరేకములే శరణ్యము. ముద్రింపని కాగితమునుండి మూడు ముక్కలు తీసికొనవలెను. ఒకదానిని కాంతిలో ఉంచవలెను. రెండవదానిని దాని ప్రక్కనే కాంతి చొరని కప్పు క్రింద ఉంచవలెను. వేడిమి, తేమ రెండింటికిని దాదాపు సమానములు. కాంతి యొక్కటియే భేదము. మూడవదానిని పోలికకై చీకటిపెట్టెలో దాచవలెను. కప్పిన ముక్కయు పసుపుబారినచో దానికి కాంతి కారణము కాదు. ప్లాస్టిక్ సంచిని, జిగురును, లిగ్నిన్ గల అట్టను శంకింపవలెను.

కంటి తీర్పు చాలదు. 1976లో అంతర్జాతీయ ప్రకాశసంఘము నిర్ణయించిన వర్ణమానములో ‘బి’ అను సంఖ్య ధనమైనచో పసుపును, ఋణమైనచో నీలమును తెలుపును. వర్ణమాపకముతో ప్రతి ముక్కను అతినీలలోహితముతో కూడిన కాంతిలో ఒకమారు, దానిని తొలగించిన కాంతిలో ఒకమారు కొలువవలెను. మొదటి కొలతలో మాత్రమే పసుపు పెరిగినచో శ్వేతకారకము క్షీణించినదని, రెండింటను పెరిగినచో మరక పుట్టినదని గ్రహింపదగును.

సోకిన కాంతిని లక్స్-గంటలలో లెక్కింతురు. విల్‌హెల్మ్ పరిశోధనసంస్థ లెక్కకు దినమునకు 12 గంటలు 450 లక్స్ ఆధారము. అది ఏడాదికి 19,71,000 లక్స్-గంటలు. కొడక్ సంస్థ ఒకప్పుడు 120 లక్స్‌ను ఆధారముగా గొన్నది. అన్ని గంటలకే అది 5,25,600 మాత్రమే. రెండవ లెక్కన పదేండ్లు మన్నునన్న కాగితము మొదటి లెక్కన మూడేండ్లైనను మన్నదు. కావున ఆధారమైన లక్స్ సంఖ్య తెలియక “ఇన్నేండ్లు మన్నును” అను ప్రకటనను ప్రమాణముగా గ్రహింపరాదు.

మరియొక సూక్ష్మము కలదు. కొన్ని పత్రములు తీవ్రకాంతిలో తెల్లగానే యుండి, పిదప చీకటిలో ఉంచగా పసుపుబారును. మరల వెలుగు సోకినచో ఆ పసుపు కొంత తగ్గును. అట్టి మరకను తీవ్రకాంతియే ఎప్పటికప్పుడు చెరపివేయుటచే పరీక్షాకాలమున అది కానరాదు. కావున పరీక్ష ముగిసిన దినముననే తీర్పు చెప్పరాదు. ముక్కలను కొన్ని వారములు చీకటిలో ఉంచి తిరిగి కొలువవలెను. గ్రంథాలయములకు ఇది మిక్కిలి ముఖ్యము. ఏలయన ప్రతికృతి కొంతకాలము ప్రదర్శనలోనుండి పిదప బీరువాలోని చీకటికే చేరును.

అతినీలలోహిత దీపము క్రింద నీలముగా మెరయు కాగితమున శ్వేతకారకము కలదని తెలియవలెను. అది లేని నూలుకాగితము మొదట అంత తెల్లగా కనబడకున్నను, తెలుపు తరుగు దోషము దానికి లేదు. మరక విషయమున మాత్రము దానినిని పరీక్షింపవలసినదే. ముద్రించునపుడు ఆకు చుట్టును కాగితపు అంచును ఖాళీగా విడిచి, వెనుక కాగితపు పేరును, ముద్రణదినమును వ్రాయుట మేలు. అదే కాగితపు ముక్కనొకదానిని చీకటిలో భద్రపరచినచో, ముందు తరముల పరిశోధకుడు అంచును ఆ ముక్కతో పోల్చి, కాగితపు మార్పు ఎంతయో, ఆకు వర్ణమెట్టిదో వేరుపరచి తెలిసికొనగలడు.