పూత నాడు చూలు... ఈనేదెప్పుడు?

నూజివీడు మామిడి తోటలు డిసెంబరు నెలాఖరుకి పూతకొస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తోట గట్టున కట్టేసిన గేదెకి చూలు నిలిచిందనుకోండి. దూడ ఎప్పుడొస్తుంది? చిన్నరసాలు కోసి, అమ్మి, వానాకాలం వెళ్లి, దీపావళి వచ్చేదాకా ఆగాల్సిందే. గేదె చూలు సుమారు 310 రోజులు మరి!

ఆవు కాస్త ముందే ఈనుతుంది. 280 నుంచి 290 రోజులు... అంటే దసరా రోజులకి. మన ఒంగోలు ఆవుకి జెర్సీ కన్నా నాలుగు రోజులు ఎక్కువే పడుతుంది. మేకకి అంత తీరికెక్కడిది? అయిదు నెలలే. తోటలో ఆఖరి కోతలు సాగుతుండగానే పిల్లలు చెట్ల కింద గంతులేస్తుంటాయి. పందికి 114 రోజులు, కుక్కకీ పిల్లికీ రెండు నెలలు, కుందేలుకి నెల. ఇక ఏనుగు సంగతంటారా... 22 నెలలు. ఈలోగా తోట రెండు కాపులు కాసేస్తుంది!

పెద్ద ఒళ్లయితే ఎక్కువ రోజులు, అంతేకదా అనుకుంటాం. మరి మేక కన్నా ఎంతో బరువుండే పంది నాలుగు నెలలైనా నిండకుండానే ఎలా ఈనుతోంది? పుట్టేనాటికి పిల్ల ఎంత తయారై ఉండాలన్నది కూడా లెక్కే. ఆరుబయట మేసే జంతువు పిల్ల పుట్టిన గంటలోనే లేచి తల్లి వెంట నడవాలి. కుక్క, కుందేలు లాంటివి తమ పిల్లల్ని ఓ మూలనో బొరియలోనో దాచుకుంటాయి కాబట్టి కళ్లు తెరవని కూనలైనా పర్లేదు. మనకీ ఆవుకీ లెక్క ఇంచుమించు ఒక్కటే. కానీ దూడ గంటలో నిలబడితే మన బుజ్జాయికి ఏడాది పడుతుంది!

ఇంకో విచిత్రం... ఎప్పుడు పుట్టాలో చాలావరకూ తేల్చేది తల్లి కాదు, కడుపులోని పిల్లే. న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగిన్స్ 1960ల్లో గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో, పిల్ల శరీరంలో కార్టిసాల్ పెరగడమే కాన్పుకి నాంది అని బయటపడింది. నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్లలు ఆ తరహా మందు అందితే ఊపిరి తీసుకోగలగడం కూడా ఆయన గమనించారు. దాంతో 1972లో రాస్ హోవీతో కలిసి గర్భిణుల మీద జరిపిన పరీక్షల ఫలితాలు ప్రకటించారు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే ఇవాళ తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అలా వచ్చిందే. ఎందరో పసికందుల్ని గొర్రెపిల్లలే బతికించాయన్నమాట!

పాడి ఉన్న ఇంట్లో ఈ రోజుల లెక్క డబ్బుతో ముడిపడింది. వేసవిలో గేదె ఎద పైకి సరిగ్గా కనిపించదు, అరుపులూ తక్కువే. అది మామిడి కోతల హడావిడి సమయం కూడా. ఆ ఒక్క రోజూ కంటపడకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అన్నాళ్లూ మేత దండగే, పాలు ఉండవు. చూలు నిలిచాక కూడా తేదీ తెలియకపోతే చిక్కే. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం ఆపి పొదుగుకి విశ్రాంతినివ్వాలి. కడుపులో దూడ గబగబా పెరిగే ఆఖరి మూడు నెలలూ దాణా పెంచాలి.

అందుకే గోడమీది క్యాలెండరులో ఓ గుర్తు పెట్టుకోండి. డిసెంబరు 25న కట్టిస్తే, సెప్టెంబరు మొదటివారంలో పాలు ఆపేయాలి. అక్టోబరు ఆఖరుకి జున్ను గిన్నె సిద్ధం చేసుకోవచ్చు.