కొవ్వు కాలేయ వ్యాధి – రోగనిరోధక కణాల పాత్ర

మద్యం ముట్టనివారికి కాలేయం చెడదన్న నమ్మకం మన గ్రామాల్లో బలంగా నాటుకొని ఉంది. వాస్తవం ఇందుకు భిన్నం. మద్యం అలవాటు లేనివారిలోనూ కాలేయ కణాల్లో కొవ్వు పేరుకొంటుంది. కొందరిలో అది ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ముదిరి, చివరకు కాలేయం గట్టిపడే సిర్రోసిస్‌కు దారితీస్తుంది. మన దేశ జనాభాలో 9 నుంచి 32 శాతం మందిలో ఈ స్థితి ఉన్నట్లు వివిధ అధ్యయనాలు సూచిస్తున్నాయని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పేర్కొన్నది. 2021 ఫిబ్రవరిలో ఈ వ్యాధిని మధుమేహం, గుండెజబ్బులు, క్యాన్సర్ల నివారణకు ఉద్దేశించిన జాతీయ కార్యక్రమంలో చేర్చారు. మధుమేహం, ఊబకాయం వంటి జీవక్రియా లోపాలతో దీనికి గల సంబంధం స్పష్టపడడంతో, 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు వ్యాధి పేరునే ఆ మేరకు మార్చాయి.

కాలేయ బరువులో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దానిని కొవ్వు కాలేయం అంటారు. అయితే కొవ్వు చేరిన ప్రతివారిలోనూ కాలేయం దెబ్బతినదు. అధిక సంఖ్యాకుల్లో వ్యాధి ఆ దశలోనే నిలిచిపోతుంది. కొందరిలో మాత్రమే కణజాలం శోథకు గురై, గాయపడి, మచ్చకడుతుంది. ఈ భేదానికి గల ప్రధాన కారణాలలో ఒకటి కాలేయంలోని రోగనిరోధక కణాల ప్రవర్తన. మనం పండించే పంటలే కాలేయానికి చేరే ఆహారం గనుక, ఈ విషయం వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు కూడా తెలియవలసినది.

కాపలా కణాల నిలయం

కాలేయానికి చేరే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు పేగుల వైపు నుంచి ద్వారసిర గుండా వస్తుంది. జీర్ణమైన పోషకాలతోపాటు పేగుల్లోని బ్యాక్టీరియా శకలాలు, ఆహారంలోని పరాయి పదార్థాలు కూడా ఈ మార్గంలోనే వస్తాయి. వీటిని వడకట్టేందుకు సూక్ష్మ రక్తనాళాల లోపలి గోడలకు అంటిపెట్టుకొని కుఫర్ కణాలనే భక్షక కణాలు కాపలా ఉంటాయి. శరీర కణజాలాల్లో స్థిరపడి ఉండే భక్షక కణాల్లో 80 నుంచి 90 శాతం ఇవేనని అంచనా. ప్రతి భోజనానికీ పరాయి పదార్థాలు వస్తూనే ఉంటాయి కాబట్టి, ఆరోగ్యవంతమైన కాలేయంలో ఈ కణాలు ప్రతి చిన్నదానికీ స్పందించక, సహనంతో శుభ్రపరిచే పని చేసుకుపోతాయి.

ఈ కణాలకు పేరు రావడం వెనుక ఒక పొరపాటు ఉంది. 1876లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వాన్ కుఫర్ కాలేయంలో నక్షత్రాకార కణాలను గుర్తించి వర్ణించాడు. ఆ తరువాత వాటిని, భక్షక కణాలను ఒకటిగానే భావించారు. ఆ నక్షత్రాకార కణాలు విటమిన్-ఎ నిల్వచేసే వేరొక రకమని 1971లో జపాన్ శాస్త్రవేత్త కెంజిరో వాకే నిరూపించాడు. వ్యాధి ముదిరేటప్పుడు ఈ రెండు రకాల కణాలకూ కీలక పాత్ర ఉంది.

కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

కాలేయంలో చేరే కొవ్వంతా నూనె, నెయ్యిల నుంచే వస్తుందనుకోవడం సరికాదు. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, రోగుల కాలేయ కొవ్వులో సుమారు 59 శాతం శరీరపు కొవ్వు నిల్వల నుంచి విడుదలైన కొవ్వు ఆమ్లాల ద్వారా, 26 శాతం కాలేయమే పిండిపదార్థాల నుంచి కొత్తగా తయారుచేయడం ద్వారా, 15 శాతం మాత్రమే నేరుగా ఆహారపు కొవ్వు ద్వారా వచ్చింది. అంటే, అవసరానికి మించి తిన్న అన్నం, తాగిన తీపి పానీయాలు సైతం కాలేయంలో కొవ్వుగా మారగలవు. ముఖ్యంగా ఫ్రక్టోజ్ చక్కెర ఈ తయారీని వేగవంతం చేస్తుంది.

ట్రైగ్లిసరైడ్ రూపంలో నిల్వ ఉన్న కొవ్వు అంత హానికరం కాదు. నిల్వ సామర్థ్యాన్ని మించి వచ్చే పామిటిక్ ఆమ్లం వంటి సంతృప్త కొవ్వు ఆమ్లాలే కాలేయ కణాన్ని ఒత్తిడికి గురిచేస్తాయి. ఒత్తిడికి లోనైన కణాలు ఉబ్బి, కొన్ని నశించి, ప్రమాద సంకేతాలను వెలువరిస్తాయి.

శోథ రగిలే క్రమం

ఈ సంకేతాలను మొదట అందుకొనేవి కుఫర్ కణాలు. అదే సమయంలో, పీచు తక్కువగా, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉండే ఆహారం వల్ల పేగు లోపలి పొర బలహీనపడితే, బ్యాక్టీరియా గోడల్లోని విషపదార్థాలు మామూలుకన్నా ఎక్కువగా కాలేయానికి చేరుతాయి. ఈ రెండు ప్రేరణలూ కలిసినప్పుడు కుఫర్ కణాలు సహనం కోల్పోయి, టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి శోథకారక పదార్థాలను విడుదల చేస్తాయి. రక్తంలోని మోనోసైట్లను రప్పించే రసాయన సంకేతాలనూ పంపుతాయి. వ్యాధి ముదిరే కొద్దీ అసలు కుఫర్ కణాలు కొంతమేర నశించి, వాటి స్థానాన్ని ఈ మోనోసైట్ల నుంచి ఏర్పడిన కొత్త భక్షక కణాలు ఆక్రమిస్తాయి. పాతవాటితో పోలిస్తే ఇవి శోథను ఎక్కువగా ప్రేరేపిస్తాయి.

వీటి వెంట వచ్చే న్యూట్రోఫిల్ కణాలు ఎంజైములను, చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేసి చుట్టూ ఉన్న కాలేయ కణాలనూ గాయపరుస్తాయి. టి-లింఫోసైట్లు సాధారణంగా తాము గుర్తించిన నిర్దిష్ట శత్రువుపైనే దాడి చేస్తాయి. కాని కొవ్వు కాలేయంలోని కొన్ని సిడి8 రకం టి-కణాలు నిర్దిష్ట గుర్తింపు లేకుండానే కాలేయ కణాలను చంపుతున్నట్లు 2021లో ప్రచురితమైన ఎలుకల అధ్యయనం వెల్లడించింది. ఆ విధమైన కణాలు రోగుల కాలేయాల్లోనూ కనిపించాయి.

మచ్చ ఎలా ఏర్పడుతుంది?

గాయపడిన చోట భక్షక కణాలు విడుదల చేసే టి.జి.ఎఫ్. బీటా అనే పదార్థం నక్షత్రాకార కణాలను మేల్కొల్పుతుంది. అవి తమలోని విటమిన్-ఎ నిల్వలను కోల్పోయి, కొల్లాజెన్ పోగులను అల్లడం మొదలుపెడతాయి. గాయం మానడానికి ఇది అవసరమే. గాయం ఆగకుండా కొనసాగితే మాత్రం పోగులు పేరుకొని కాలేయం గట్టిపడుతుంది. నేచురల్ కిల్లర్ కణాలు చురుకెక్కిన నక్షత్రాకార కణాలను చంపి ఈ ప్రక్రియను అదుపు చేస్తాయి. వ్యాధి ముదిరిన కాలేయంలో ఆ అదుపు సన్నగిల్లుతుంది.

శత్రువులా, మిత్రులా?

అలాగైతే ఈ కణాలను అణచివేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. 2005లో ప్రచురితమైన ఒక ఎలుకల ప్రయోగం దీనికి స్పష్టమైన సమాధానమిచ్చింది. గాయం జరుగుతున్న కాలంలో భక్షక కణాలను తొలగిస్తే మచ్చ తగ్గింది. గాయం ఆగి కాలేయం కోలుకొంటున్న కాలంలో తొలగిస్తే మచ్చ కరగక అలాగే నిలిచిపోయింది. మచ్చను అల్లించేదీ, దానిని కరిగించే ఎంజైములను అందించేదీ ఈ భక్షక కణాలే. చేసే పని మాత్రం సమయాన్ని బట్టి, పరిసరాన్ని బట్టి మారుతుంది.

మోనోసైట్లు కాలేయానికి చేరే దారిని అడ్డగించే సెనిక్రివిరాక్ అనే మందు మూడో దశ పరీక్షల్లో ఆశించిన ఫలితం చూపక నిలిచిపోయింది. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ రోగనిరోధక కణాల జోలికి పోదు. కాలేయంలో కొవ్వు వినియోగాన్ని పెంచడం దాని పని. సస్యరక్షణ చదివినవారికి ఇందులోని నీతి కొత్త కాదు. మిత్రపురుగులను కూడా చంపే మందును పదేపదే చల్లడం కన్నా, తెగులుకు అనువైన పరిస్థితిని తొలగించడమే మేలు. కాలేయం విషయంలో ఆ పరిస్థితి అధిక కొవ్వు.

పాడి పశువుల్లో

అధిక పాలిచ్చే ఆవుల్లోనూ ఈ సమస్య ఉంది. ఈనిన తొలి వారాల్లో పాల ఉత్పత్తికి కావలసినంత శక్తి మేత నుంచి అందక, శరీరపు కొవ్వు కరిగి కాలేయంలో చేరుతుంది. చూడి దశలో అతిగా కొవ్వెక్కిన పశువులకు ముప్పు ఎక్కువ. అయితే వాటిలో కనిపించే ప్రధాన ఇబ్బంది వేరు. న్యూట్రోఫిల్ కణాల పనితీరు మందగించి, పొదుగువాపు, గర్భాశయ శోథ సులభంగా సోకుతాయి. ఒకే కొవ్వు ఒకచోట రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది, మరొకచోట నీరసింపజేస్తుంది.

పొలం నుంచి పళ్లెం దాకా

శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించుకొన్నవారిలో కొవ్వుతోపాటు శోథ కూడా తగ్గుతుందనీ, 10 శాతం మేర తగ్గినవారిలో అనేకులకు మచ్చ సైతం కొంత వెనక్కి తగ్గుతుందనీ పరిశోధనలు చూపాయి. 70 కిలోల వ్యక్తికి ఇది 5 నుంచి 7 కిలోలు. ఆసియావారిలో సన్నగా కనిపించేవారికీ ఈ వ్యాధి రావచ్చు కాబట్టి బరువుతోపాటు నడుము కొలతను గమనించాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త అవసరం.

పళ్లెంలో పాలిష్ బియ్యపు పాలు తగ్గి, కంది, పెసర, శనగ, ఆకుకూరలు, కొర్ర, జొన్న, రాగి పెరగడం మేలు. వీటిలోని పీచును పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తాయి. అవి పేగు లోపలి పొరను పటిష్ఠపరుస్తాయి. అయితే చిరుధాన్యాలు ఔషధాలు కావు. పరిమాణం మించితే వాటి పిండిపదార్థమూ కొవ్వుగానే మారుతుంది.

వేరుశనగ, మొక్కజొన్న రైతులకు మరొక బాధ్యత ఉంది. ఆస్పర్‌జిల్లస్ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ కాలేయానికి తీవ్రమైన విషం, క్యాన్సర్ కారకం కూడా. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. కొవ్వుతో ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న కాలేయంపై ఈ విషభారం పడకూడదు. వేరుశనగ కాయలను తేమ 9 శాతానికి మించకుండా ఆరబెట్టి నిల్వచేయాలి. బూజుపట్టిన గింజలను, వాటి చెక్కను పశువులకు పెట్టరాదు. ఆ విషం పాల ద్వారా తిరిగి మన ఇంటికే చేరుతుంది.

కొవ్వు కాలేయం తొలిదశలో నొప్పినివ్వదు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు మామూలుగా ఉన్నంతమాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. మధుమేహం, ఊబకాయం ఉన్నవారు వైద్యుని సలహాపై అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకోవాలి. వయస్సు, రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కించే ఫిబ్-4 సూచిక ద్వారా మచ్చ ముప్పును అంచనా వేయవచ్చు. కాలేయాన్ని శుద్ధి చేస్తామనే పొడులు, కషాయాలను నమ్మి కాలం పోగొట్టుకోరాదు. గాయం ఆగితే మచ్చను కరిగించే కణాలు కాలేయంలోనే ఉన్నాయి. సిర్రోసిస్ దాకా వెళ్లకముందే వాటికి ఆ అవకాశం కల్పించాలి.