దారి చూపు దీపము, కన్ను పొడుచు దీపము

దీపము చీకటిని పోగొట్టునని బాలురకును తెలియును. కాని యొకనికి వెలుగిచ్చుచు వేరొకని కన్నులకు చీకటి కల్పించు దీపములు నేడు మన రోడ్లపై విరివిగా కానవచ్చుచున్నవి. మోటారుసైకిళ్లకు హెడ్‌లైటుతోపాటు తగిలించు అదనపు దీపములను గూర్చియే మేము చెప్పుచున్నాము. ఇది యువకుల వేడుకకు సంబంధించిన స్వల్పవిషయమని కొందరు తలంపవచ్చును. కొత్తగూడెము దాటి భద్రాచలమునకు రాత్రివేళ ఒక్కసారి పోయి వచ్చినవారు అట్లు తలంపరు.

ఇటీవల ఒక రాత్రి మేము పాల్వంచ దాటి పోవుచుండగా, మాకు కొంత ముందుగా కట్టెలమోపు తలకెత్తుకొని రోడ్డు అంచున నడచిపోవుచున్న ఒక స్త్రీ కనబడెను. అంతలో ఎదుటనుండి రెండు తెల్లని దీపములు వెలిగించుకొని ఒక మోటారుసైకిలు వచ్చెను. ఆమె ఒక చేత మోపును పట్టుకొని, రెండవచేతిని కన్నులకు అడ్డము పెట్టుకొని, కాలు ఎటు మోపవలెనో తెలియక నిలిచిపోయెను. బండి నడుపువానికి దారి పట్టపగలువలె కనబడియుండును. ఆమెకు దారి కనబడలేదు. మాకు ఆమెయే కనబడలేదు. బండిని ఆపి, కన్నులు తేరుకొనువరకు వేచియుండుట తప్ప మాకు గత్యంతరము లేకపోయెను.

ఇంతమాత్రమున అదనపు దీపములే వలదని మా అభిప్రాయము కాదు. ఈ దారిని ఎరిగినవారు అట్లు చెప్పజాలరు. బొగ్గులారీలు, కాగితపు మిల్లునకు కర్ర మోయు లారీలు, యాత్రికుల బస్సులు ఒకవైపు. రోడ్డుపై పరుండు పశువులు, పొదలనుండి దూకు అడవిపందులు వేరొకవైపు. ముక్కోటి ఏకాదశి దినములలో మంచు కమ్ముకొనును. వేసవి ప్రవేశించునప్పుడు ఇప్పపూవు ఏరుటకై కోయ స్త్రీలు తెల్లవారకమున్నే బయలుదేరుదురు. సంతకు పోయినవారు పొద్దుపోయి ఇండ్లకు మరలుదురు.

లెక్క చూచినను అవసరము స్పష్టమగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. అడ్డమును చూచి బ్రేకు పట్టుటకు ఒకటిన్నర సెకను పట్టినచో 25 మీటర్లు గడచును. పొడి రోడ్డుపై బండి ఆగుటకు మరి 28 మీటర్లు కావలెను. మొత్తము 53 మీటర్లు. వేగము 80 అయినచో ఇది 80 మీటర్లు మించును. చిన్నబండ్ల హెడ్‌లైటు క్రిందికి దించినప్పుడు అంతదూరము చూపుట అరుదు. కావున వేగము తగ్గించుటయే మొదటి దీపము. తరువాతనే అంగడిలో కొను దీపము.

అంగడిదీపములలో ముఖ్యముగా రెండు తెగలు గలవు. ఒకటి ఇరుకైన కాంతిని దూరమునకు పంపును. దీనిని స్పాటు అందురు. రెండవది వెడల్పయిన కాంతిని దగ్గరగా, నేలబారుగా పరచును. దీనిని ఫాగు దీపమందురు. అడవిదారిలో ఆపద తరచు ప్రక్కలనుండి వచ్చును. జింక కన్ను వెలుగులో మెరయును; దాని కంటిలోపల కాంతిని మరల్చు పొర గలదు. పందికి ఆ పొర లేదు. కన్ను మెరసినప్పుడు చూచుకొందమని స్పాటును నమ్ముకొన్నవానికి అడవిపంది బండికి తగిలినప్పుడే తెలియును. కావున ఈ ప్రాంతమున మొదట కొనదగినది, పైభాగమున కాంతి కత్తిరించినట్లు ఆగిపోవు వెడల్పు దీపము. స్పాటు పెట్టుకొన్నచో దానికి వేరు స్విచ్చి ఉండవలెను.

పసుపుకాంతి మంచును చీల్చుకొని పోవునని జనులందురు. మంచుబిందువులు కాంతితరంగములకంటె ఎంతో పెద్దవి గనుక అన్ని రంగులను ఇంచుమించు సమానముగనే చెదరగొట్టును. నీలిచాయగల తెలుపుకంటె పసుపు కంటికి హాయి యనుట మాత్రము నిజము. మంచులో మేలు చేయునది రంగు కాదు; దీపము క్రిందుగా నుండుట, కాంతి పైకి చిమ్మకుండుట.

పెట్టెపై అచ్చువేసిన ల్యూమెనుల సంఖ్యను చూచి మోసపోరాదు. కాంతి యెంత యన్నదానికంటె ఎక్కడ పడుచున్నదన్నదే ప్రధానము. 40 వాట్ల దీపముల జత 12 వోల్టులపై మూడు ఆంపియర్లకు మించి లాగును. చిన్నబండి తయారుచేయు విద్యుత్తులో అంత మిగులు గలదో లేదో మెకానిక్కు నడిగి తెలిసికొనవలెను. ఫ్యూజు, రిలే లేక హెడ్‌లైటు తీగకే ముడివేసినచో, అడవిమధ్యమున ఉన్న దీపమును కూడ పోగొట్టుకొనవలసివచ్చును.

బిగించిన పిదప బండిని గోడకు పది మీటర్ల దూరమున నిలిపి, వెనుక మనిషిని కూడ ఎక్కించుకొని చూడవలెను. వెనుక బరువు పడినకొలది ముందుదీపము పైకి లేచును. వెడల్పు దీపపు కాంతి పైఅంచు గోడపై దీపమున్న ఎత్తుకంటె జానెడు క్రిందుగా పడవలెను. ముందుదీపములు ఎదుటివారికి మిరుమిట్లు గొల్పరాదను సూత్రము 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో కలదు. అయినను అర్ధరాత్రి అడవిలో నిబంధనను అమలుపరుపగల అధికారి బండి నడుపువాని అంతరాత్మయే.

ఎదుట లారీ వచ్చినచో మనవారు వెంటనే దీపము దించుదురు. లారీవాడు తన దీపములతో బదులు చెప్పగలడు గదా! కాలినడకన పోవు కోయస్త్రీ చేతిలో బదులు చెప్పు దీపము లేదు. బదులు చెప్పలేనివారి యెదుట మనమెట్లు నడచుకొందుమో అదియే మన నాగరికతకు కొలత. స్వాతంత్ర్యమనగా ఎవరి దారి వారు వెలిగించుకొనుట మాత్రమే కాదు. తోటివారి దారి ఆర్పకుండుట కూడ. ఆ రోడ్డు బండ్లు రాకపూర్వమునుండియు నడచుచున్న వారిది. వారు కనబడగనే స్విచ్చిపై వ్రేలు వేయుడని యువకులను మేము కోరుచున్నాము.